కెమెరా మీద కుంకుమ

"ఊరి పేరు చెప్పమ్మా. కాపలాకు మనిషిని పంపల్లంటే ఊరి పేరు కావల్ల గదా," అన్నాడు ఎస్సై గుణశేఖర్.

మునిలక్ష్మి గుమ్మం వైపు చూసింది. గుమ్మంలో భానుశ్రీ చెప్పులు విప్పుతోంది. ఆమె తిరుపతిలో ప్రైవేటు డిటెక్టివ్. పొద్దున్నే బస్సెక్కి చిత్తూరులో మారి బంగారుపాళ్యంలో దిగింది. ఆమెకు పని అప్పగించింది మునిలక్ష్మి భర్త దామోదరం.

"చెప్పమంటారా మేడం?" అంది మునిలక్ష్మి.

"పోలీసులకు కాకపోతే ఇంకెవరికి చెప్తారు? చెప్పండి."

"పాప చంద్రగిరిలో ఉండాది సార్. కోటకు పొయ్యే దారిలో, పాలకేంద్రం ఎనక ఇల్లు. మా ఆయన సావాసగాడు ఆదిమూలం అని, వాళ్లిల్లు. మా ఆయన గూడా పాప కాడనే ఉండాడు."

గుణశేఖర్ ఆ మాటలు ఫోన్లో రాసుకున్నాడు. గోడ గడియారంలో పదకొండు కావస్తోంది.

పాప అంటే మునిలక్ష్మి కూతురు రూపశ్రీ. వయసు ఇరవై ఆరు. బంగారుపాళ్యం దగ్గర మామిడి గుజ్జు తీసే ఫ్యాక్టరీలో ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసింది. కిందటేడు సీజన్లో ఆ ఫ్యాక్టరీలో బాయిలర్ పేలి ఇద్దరు కూలీలు చనిపోయారు. బాయిలర్ వాల్వు పట్టేసిందని పేలడానికి ముందే రూపశ్రీ యాజమాన్యానికి చెప్పింది. చెప్పలేదని యాజమాన్యం అంటోంది. రేపు, గురువారం, చిత్తూరు కోర్టులో ఆమె సాక్ష్యం. ఆమె తప్ప ఆ మాట చెప్పగలిగినవాళ్లు లేరు. వాల్వు దగ్గర పనిచేసిన ఇద్దరూ ఆ రోజే పోయారు.

బెదిరింపులు మొదలయ్యాక దామోదరం కూతుర్ని పూతలపట్టులో ఆమె స్నేహితురాలి ఇంట్లో ఉంచాడు. మర్నాడే నంబరు ప్లేటు లేని కారు ఆ ఇంటి ముందు ఆగింది. తిరుపతిలో లేడీస్ హాస్టల్‌కు మార్చాడు. పోయిన శుక్రవారం ఇద్దరు మనుషులు హాస్టల్‌కు వచ్చి, రూపశ్రీకి చిన్నాన్నలమని చెప్పి, కిందికి పంపమన్నారు. ఆమెకు చిన్నాన్నలు లేరు. వార్డెన్‌కు అనుమానం వచ్చి గేటు తీయలేదు. చంద్రగిరి మూడో చోటు. కేసు చూసే లాయరు చెప్పడంతో ఆమె తన ఫోను ఆపేసింది.

ఎవరో చెప్తున్నారు. ఎవరన్నదే ప్రశ్న.

గుణశేఖర్ దగ్గర జవాబు సిద్ధంగా ఉంది. "హాస్టల్ సంగతి ఈ ఇంట్లో ముగ్గురికి తెలుసు. తల్లి చెప్పదు, తండ్రి చెప్పడు. మిగిలిందెవురు?"

మిగిలినవాడు కంప్యూటర్ బల్ల పక్కన నిలబడి ఉన్నాడు. రూపశ్రీ తమ్ముడు రూపేష్. ఇంజనీరింగ్ అయిపోయి ఉద్యోగం వెతుక్కుంటున్నాడు.

"నేను చెప్పలేదు సార్."

"నీ ఫోన్ ఇట్లియ్యి."

"పొద్దున్నే ఇచ్చినాను గదా సార్. మీ జేబులోనే ఉండాది."

గుణశేఖర్ జేబు తడుముకుని, ఫోను ఉందని చూసుకుని, చేయి తీసేశాడు. "ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్ ఉద్యోగానికి అప్లికేషన్ పెట్టినావా లేదా?"

"అక్కడ గొడవ కాకముందు పెట్టినాను. చుట్టుపక్కల అందురూ పెడతారు."

"రేపు కోర్టు అయ్యేదాకా స్టేషన్లో కూచో. ఆలోపల నీ అక్కకు ఏమీ కాకపోతే చెప్పిందెవురో తేలిపోతాది."

"అయితే?" అంది భానుశ్రీ.

గుణశేఖర్ ఆమె వైపు తిరిగాడు. "ఏం అయితే?"

"ఈ అబ్బాయి స్టేషన్లో ఉండగా ఆమెకు ఏమైనా అయితే? అప్పుడూ తేలుతుంది. ఆమె మాత్రం ఉండదు."

"సూడండి మేడం. తప్పిపోయిన కుక్కలు, మొగుళ్లమింద అనుమానాలు, అట్లాంటివి మీరు సూసుకోండి. ఇది సాక్షి కేసు."

"కుక్కలు దొరికాయి సార్. మీ స్టేషన్లో ఫిర్యాదు ఇచ్చినవాళ్లే నా దగ్గరికి వచ్చారు."

మునిలక్ష్మి వంటింట్లోకి వెళ్లి మంచినీళ్లు తెచ్చింది. ఇద్దరూ తాగారు.

భానుశ్రీ సోఫాలో కూర్చుని రూపేష్‌ని అడిగింది. "హాస్టల్ పేరు నీకెప్పుడు తెలిసింది?"

"గురువారం సందకాడ. అమ్మ చెప్పింది."

"ఎక్కడ చెప్పింది?"

"ఈడనే. మీరు కూర్చోనుండే తావ అమ్మ కూర్చోనుండె. నేను కంప్యూటర్ కాడ ఉంటి."

"ఆ తర్వాత ఎవరితో మాట్లాడావు?"

"ఎవురితోనూ లేదు. అన్నం తిని పండుకున్న్యా."

"కాల్ లిస్టు చూశారా సార్?"

"సూసినాము. ఏం లేదు. వాట్సప్‌లో మాట్లాడి తుడిచేసుంటాడు."

"పూతలపట్టు సంగతి నీకు ఎవరు చెప్పారు?"

"అక్కే చెప్పింది. వీడియో కాల్ చేసినాము, ఇందులో," అని రూపేష్ కంప్యూటర్ చూపించాడు. "అమ్మకు ఫోన్లో అక్క మొహం చిన్నగా కనిపిస్తాదని పెద్ద తెరమింద పెట్టినా."

"అప్పుడు అమ్మ ఎక్కడుంది?"

"అదే తావ."

రెండుసార్లూ చోటు ఒకటే. భానుశ్రీ సోఫాలోంచి లేచి కంప్యూటర్ దగ్గరికి వెళ్లింది. తెర, యంత్రం కలిసి ఒకే పలకగా వచ్చే రకం. కెమెరా తెరపైన అంచులో ఉంటుంది. మైకు లోపలే ఉంటుంది. బల్ల కింద ఇంటర్నెట్ పెట్టె ఉంది.

తెరపైన అంచులో కెమెరా కనబడలేదు. అక్కడ గంధం చుక్క, దానిమీద కుంకుమ ఉన్నాయి. రెండూ ఎండిపోయి గట్టిపడ్డాయి.

"ఇది ఎవరు పెట్టారు?"

"నేనే," అంది మునిలక్ష్మి. "ఆయుధపూజకు. మిక్సీకి, గ్రైండర్‌కి, స్కూటర్‌కి అన్నిటికీ పెట్టినా."

గుణశేఖర్ నవ్వాడు. "కంప్యూటర్‌కి గుమ్మడికాయ కొట్టలేదా?"

"స్కూటర్‌కి కొట్టినాము సార్. మీ జీపుకు కొట్టలేదా?"

గుణశేఖర్ నవ్వు ఆపాడు. "రెండు కొట్టినాము. పాత బండి."

"ఏటా ఇక్కడే పెడతారా?" అంది భానుశ్రీ.

"లేదు మేడం. అద్దం నడిమధ్యన పెడతా. ఈసారి వీడు గొడవ చేసినాడు, మరకలు పడతాయి, పెట్టొద్దని. బొట్టు పెట్టకుండా యెట్ల వదిలేది? అందుకని పైన పెట్టినా."

రూపేష్ తల దించుకున్నాడు. "అది కెమెరా అని అమ్మకు తెలీదు మేడం. తుడుస్తానంటే ఒప్పుకోలేదు. అప్పటినించి వీడియో కాల్ ఫోన్లోనే చేస్తావుండాము."

భానుశ్రీ కుర్చీ లాక్కుని కూర్చుంది. కంప్యూటర్ ఆన్‌లోనే ఉంది. రూపేష్ దాన్ని పగలంతా ఆపడు.

మొదట దించుకున్న ఫైళ్లు చూసింది. ఉద్యోగాల దరఖాస్తులు. నాలుగైదు సినిమాలు. డబ్బు కట్టి కొనాల్సిన ఒక గేమ్, కట్టకుండా దించినది.

"సూసినారా," అన్నాడు గుణశేఖర్ వెనక నుంచి. "ఇట్లాంటివి దించుకుంటే దాంట్లోనించే దొంగలు దూరతారు. ఆమాత్రం మాకూ తెలుసు."

"నిజమే. ఈ గేమ్‌లో ఒక పురుగు ఉంది. బ్రౌజర్ తెరిస్తే పందాల ప్రకటనలు వస్తున్నాయా రూపేష్?"

"వస్తాయి మేడం."

"ఇదే కారణం. ఇది ప్రకటనలు చూపించి సంపాదిస్తుంది. మీ అక్క ఎక్కడుందో దీనికి అక్కర్లేదు. తర్వాత తీసేద్దాం."

తర్వాత ఆమె రక్షణ ఏర్పాట్లు తెరిచింది. విండోస్‌తో పాటు వచ్చే వైరస్ రక్షణ ఆపేసి ఉంది. అప్‌డేట్లు కూడా ఆగిపోయి ఉన్నాయి. తెర కింది మూలలో ఆకుపచ్చ డాలు గుర్తు ఉంది. దానిమీద నొక్కితే తెలుగులో ఒక వాక్యం వచ్చింది. మీ కంప్యూటర్ భద్రంగా ఉంది.

"ఈ డాలు ఎవరు వేశారు?"

"మా మామ," అన్నాడు రూపేష్. "గిరిప్రసాద్ మామ. అమ్మకు తమ్ముడు. తిరుపతిలో కంప్యూటర్ల అంగడి ఉండాది. వినాయకచవితికి వచ్చినప్పుడు వేసినాడు. విండోస్‌లో ఉండేది చాలదంట. రెండు కాపలాలు ఉంటే ఒకదాంతో ఒకటి కొట్లాడుకుంటాయని దాన్ని ఆపేసి ఇది పెట్టినాడు."

"మంచి పనే గదా," అన్నాడు గుణశేఖర్.

"రెండు ఉంటే కొట్లాడుకుంటాయన్నది నిజం సార్. అయితే రెండోది అసలైనదైతే మొదటిది దానంతటదే పక్కకు తప్పుకుంటుంది. ఎవరూ ఆపక్కర్లేదు. ఇక్కడ చేత్తో ఆపారు." ఆమె డాలు తయారుచేసిన కంపెనీ పేరు కోసం వెతికింది. పేరు ఉండాల్సిన చోట ఖాళీగా ఉంది. "ఈ డాలు దొంగల్ని ఎప్పుడైనా పట్టుకుందా రూపేష్? ఫలానా ఫైలు మంచిది కాదని ఎప్పుడైనా చెప్పిందా?"

"లేదు. భద్రంగా ఉందని చెప్తానే ఉంటాది."

"పక్కనే గేమ్‌లో పురుగు ఉంటే దాన్ని కూడా పట్టుకోలేదు."

ఆమె చూపు గడియారం అంకెల పక్కకు వెళ్లింది. అక్కడ మైకు బొమ్మ ఉంది. చిన్నది. "ఇది ఎప్పటినించి ఉంది?"

"మామ డాలు వేసినప్పటినించి. కాపలా కాస్తా ఉండాదనుకున్న్యా."

భానుశ్రీ మౌస్ బాణాన్ని ఆ బొమ్మ మీదికి తెచ్చి ఆపింది. ఒక వరుస కనబడింది. ఏ ప్రోగ్రాము ఇప్పుడు మైకు వాడుతోందో అందులో రాసి ఉంది. ఆకుపచ్చ డాలు పేరు.

ఆమె వంగి బల్ల కింద చూసింది. ఇంటర్నెట్ పెట్టె మీద దీపం ఆగకుండా కొట్టుకుంటోంది. కంప్యూటర్లో ఏ పేజీ తెరిచి లేదు.

గుణశేఖర్ ఏదో అనబోయాడు. భానుశ్రీ వేలు పెదాల మీద పెట్టుకుంది. చేయి చాచి, పెట్టె నుంచి కంప్యూటర్‌కు వచ్చే వైరు పీకేసింది. దీపం నిలిచింది.

"ఏం చేస్తావుండారు?" అన్నాడు గుణశేఖర్. "సాక్ష్యం పాడుచేసేదానికి మీకు హక్కెవురిచ్చినారు?"

"కంప్యూటర్ ఆపలేదు సార్. ఒక్క ఫైలు ముట్టుకోలేదు. వైరు మాత్రం తీశాను. సీజ్ చేసుకోండి, నేనే సంతకం పెడతాను. ఆపకుండా తీసుకెళ్లాలి, ఆపితే కొన్ని ఆనవాళ్లు పోతాయి."

"వైరు ఎందుకు తీసినారు?"

"వైరస్‌ను పట్టేదానికి మైకు ఎందుకు సార్? వైరస్ మాట్లాడదు."

గుణశేఖర్ కంప్యూటర్ వైపు చూశాడు. తర్వాత సోఫా వైపు చూశాడు.

"ఈ గదిలో మాట్లాడిన ప్రతి మాటా బయటికి పోతోంది," అంది భానుశ్రీ. "ఆయుధపూజ దాకా బొమ్మ కూడా బయటికి పోయింది. లాయరు వచ్చినా ఆ సోఫాలోనే కూర్చునుంటాడు. పూతలపట్టు పేరు ఇక్కడే చెప్పారు. హాస్టల్ పేరు కూడా ఇక్కడే. రూపేష్ ఎవరికీ చెప్పక్కర్లేదు."

రూపేష్ గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చున్నాడు. మునిలక్ష్మి కొడుకు తల మీద చేయి వేసింది.

గుణశేఖర్ వెంటనే ఒప్పుకోలేదు. "సరే. డాలు దొంగది. గిరిప్రసాద్ దొంగని యెట్ల చెప్తారు? ఎవురో ఆయనకు అంటగట్టుంటారు. అసలుదే అనుకుని తెచ్చి అక్క ఇంట్లో వేసుంటాడు. తిరుపతిలో నూరు ఇండ్లలో ఇదే ఉండొచ్చు. కోర్టులో లాయరు అడిగే మొదటి ప్రశ్న ఇదే."

"మంచి ప్రశ్న," అంది భానుశ్రీ. కుంకుమ వైపు చూసింది. "మునిలక్ష్మిగారూ, ఆయుధపూజ తర్వాత మీ తమ్ముడు ఈ ఇంటికి వచ్చారా?"

"రాలేదు మేడం. చవితికి వచ్చినోడు, మళ్లా రాలేదు. పూజ అయిన రెండోదినం ఫోన్ చేసినాడు. నేనే తిట్టి పెట్టేసినా."

"ఎందుకు తిట్టారు?"

"కుంకుమ తుడిచేయమన్న్యాడు. గంధం లోపలికి దిగితే కంప్యూటర్ కాలిపోతాదంట. గుడ్డ తడిపి శుభ్రంగా తుడువు అక్కా అన్న్యాడు. పెట్టిన కుంకుమ తుడవమంటావా, నీ బావ నిక్షేపంగా ఉండంగా నా చేత కుంకుమ తుడిపిస్తావా అని బాగా తిట్టినా. దాంతట అది రాలిపోవల్ల గానీ, పూజ చేసి పెట్టింది ఎవురన్నా తుడుస్తారా? మా అమ్మ కడుపున పుట్టినోడు ఆ మాట అనొచ్చా?"

"కంప్యూటర్ మీద కుంకుమ అన్నారా? ఇంకేమైనా అన్నారా?"

"కంప్యూటర్ నెత్తిన అన్న్యాడు. నెత్తిన నల్ల చుక్క ఉంటాది, దానిమింద పెట్టినావే, అది అని..."

మునిలక్ష్మి ఆగిపోయింది.

భానుశ్రీ నెమ్మదిగా అడిగింది. "ఫోటో ఏదైనా పంపారా ఆయనకు?"

"నాకు పంపేది రాదు."

"రూపేష్?"

"లేదు మేడం."

"ఏటా మీరు పెట్టేది అద్దం మధ్యలో. మీ తమ్ముడు చూసిందీ అదే. ఈసారి పైన పెట్టారని ఇంట్లో ఉన్న మీ ముగ్గురికే తెలుసు. ఆయనకు ఎట్లా తెలిసింది?"

రూపేష్ తలెత్తి తెరపైన కుంకుమ వైపు చూశాడు.

"ఆ రోజు ఆయనకు బొమ్మ రావడం ఆగిపోయింది," అంది భానుశ్రీ. "మాట వస్తోంది, బొమ్మ రావడం లేదు. ఆయుధపూజనాడు కెమెరా మీదికి ఏం వస్తుందో ఈ జిల్లాలో పుట్టినవాడికి చెప్పక్కర్లేదు. ఎవరో అంటగడితే వేసినవాడైతే కెమెరా మూసుకుపోయిన సంగతి ఆయనకు తెలియదు సార్. చూస్తున్నవాడికే తెలుస్తుంది."

గుణశేఖర్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఫ్యాక్టరీకి సీసీ కెమెరాలు వేసింది మామ అంగడే," అన్నాడు రూపేష్ కింద నుంచి. "కంప్యూటర్లు గూడా."

"వాణ్ని నేను చంకనేసుకుని పెంచినా," అంది మునిలక్ష్మి. ఆమె ఎవరినీ చూసి అనలేదు. "పాపకు చెవులు కుట్టిచ్చినప్పుడు వాడి వొళ్లోనే కూర్చోబెట్టినాము."

గుణశేఖర్ హఠాత్తుగా గడియారం వైపు చూశాడు. పన్నెండు కావడానికి ఇంకా కొంచెం ఉంది. "నేను ఊరి పేరు అడిగింది..."

"నేను వచ్చిన వెంటనే," అంది భానుశ్రీ. "మీరు అడిగారు. నేను చెప్పమన్నాను. ఆమె సోఫాలో కూర్చుని చెప్పింది. వైరు నేను ఇప్పుడు పీకాను."

"తిరుపతి నించి చంద్రగిరికి అర్ధగంట."

"అంతకంటే తక్కువ."

గుణశేఖర్ వాకిట్లోకి పరుగెత్తాడు. చంద్రగిరి వైపు తనకు తెలిసిన పోలీసులకు ఫోన్ చేస్తూ గేటు దాకా వెళ్లి వెనక్కి వచ్చాడు. "బందోబస్తుకు పోయినారంట అందురూ. బండి తిరిగొచ్చి ఆడికి చేరేసరికి ఒంటిగంట అయితాది."

అప్పటికే మునిలక్ష్మి ఫోను అందుకుని భర్తకు కలిపింది. భానుశ్రీ స్పీకర్ నొక్కింది. మూడో రింగుకు దామోదరం ఎత్తాడు.

"చెప్పు," అన్నాడు. గొంతు ఉల్లాసంగా ఉంది. "వచ్చినాడులే. ఇప్పుడే కాఫీ తాగతా ఉండాము."

"ఎవురు?"

"ఎవురేంది, నీ తమ్ముడు. నువ్వే అడ్రసు ఇచ్చినావంట గదా. రేపు కోర్టుకు పాపను తన కారులోనే తీసుకుపోతాడంట. ఈ రాత్రికి వాళ్లింట్లో ఉంటాది. మంచిదే, నాకూ రొంత ధైర్యంగా ఉండాది. పాప బట్టలు సర్దుకుంటా ఉండాది. కార్లో ఇంకా ఇద్దురుండారు. కాఫీకి రమ్మంటే రామన్నారు."

మునిలక్ష్మి నోరు తెరిచింది. భానుశ్రీ తల అడ్డంగా ఊపింది. ఫోను అవతల గిరిప్రసాద్ ఎంత దూరంలో కూర్చున్నాడో తెలియదు. ఏం చెప్పాలో కూడా భానుశ్రీకి తట్టలేదు. గుణశేఖర్‌కీ తట్టలేదు. అతను రెండు చేతులతో ఆగమన్నట్టు సైగ చేస్తున్నాడు.

మునిలక్ష్మి ఇద్దరినీ చూడలేదు. గడియారం చూసింది. ముళ్లు రెండూ పన్నెండు మీద ఉన్నాయి.

"ఏమయ్యా, ఈ దినం బుధవారం గదా," అంది. రోజూ మాట్లాడే గొంతుతోనే అంది. "పన్నెండు నించి ఒకటిన్నర దాకా రాహుకాలం. కోర్టు పని మింద పొయ్యే బిడ్డను రాహుకాలంలో గడప దాటిస్తావా?"

"అబ్బా, నేను మరిచేపోతిని."

"నువ్వెప్పుడు మరవలేదు? ఒకటిన్నర దాకా పాప కాలు బయట పెట్టేదానికి లేదు. పాపను లోపలి గదిలో కూర్చోబెట్టి దీపం పెట్టమను. వాడికి అన్నం వడ్డించండి. ఆకలికి ఆగలేడు వాడు, చిన్నప్పటినించి అంతే."

"సరే సరే. పాపా, గిరికి ఆకేయండమ్మా. మీ అమ్మ రాహుకాలం అంటావుండాది."

దూరంగా రూపశ్రీ గొంతు వినిపించింది. ఏదో అంది, నవ్వింది. గుణశేఖర్ వాకిట్లోకి వెళ్లి మళ్లీ ఫోన్ కలిపాడు. రాహుకాలాన్ని ఆ ఇంట్లో ఎవరూ కాదనరు. గిరిప్రసాద్ పుట్టిందీ అలాంటి ఇంట్లోనే. కాదంటే బావకు అనుమానం వస్తుంది. గంటన్నర చాలు.

అవతల కుర్చీ జరిగిన చప్పుడు వచ్చింది. ఫోను చేయి మారింది.

"అక్కా."

"ఏం రా గిరీ."

"రాహుకాలం అయ్యేదాకా ఉంటాలే. నీ మాట ఎప్పుడన్నా కాదన్న్యానా?" గిరిప్రసాద్ గొంతు తగ్గించాడు. కొన్ని అడుగులు నడిచి పక్కకు వచ్చినట్టుంది. వెనక వినబడుతున్న దామోదరం మాటలు ఆగిపోయాయి. తలుపు మూసుకున్న చప్పుడు వచ్చింది.

"అది సరే గానీ అక్కా, కంప్యూటర్ వైరు పీకింది ఎవురు?"